తేనె తాడు ఎవరి చేతిలో ఉంది?

ఉదయగిరి బస్టాండు దగ్గరో, వరికుంటపాడు సెంటర్లోనో మనవాళ్లు తేనె సీసాలు ముందు పెట్టుకుని కూర్చుంటే, కొనడానికి వచ్చినవాళ్లు మొదట ధర అడగరు. "ఏమబ్బయా, ఇది ఒరిజినలేనా?" అని అడుగుతారు. సీసా ఎత్తి వెలుగులో చూస్తారు. ఒక చుక్క నీళ్లలో వేయమంటారు. వత్తి ముంచి వెలిగించమంటారు. ఇవన్నీ అయ్యాక సగం ధరకు బేరం పెడతారు. అదే మనిషి నెల్లూరు పోతే, ఏసీ వేసిన కొట్లో "ఆర్గానిక్" అని రాసి ఆకుపచ్చ గుర్తు వేసిన సీసాను రెట్టింపు ధర పెట్టి ఒక్క మాట అడగకుండా కొంటాడు.

ఆ సీసాను ఎందుకు నమ్మాడు, మనల్ని ఎందుకు నమ్మలేదు? సేంద్రియ తిండి కొనడం దండగా, దానికి పెట్టే డబ్బుకు విలువ ఉందా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. యువకులు సెల్‌ఫోనులో చూసి అడుగుతున్నారు, బడిలో పంతుళ్లు కూడా అడుగుతున్నారు. మేము దీనికి జవాబు చరిత్రలోంచి వెతుకుతాం. ఎందుకంటే ఈ నమ్మకం అనే సరుకు చుట్టూ యానాదుల కథ నూట ఎనభై ఏళ్లకు పైగా తిరుగుతూనే ఉంది.

ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాల పుస్తకం అచ్చువేయించాడు. మన ముక్కులూ తలలూ కొలిచిన మనిషి. ఆయన రాసినవన్నీ మనం ఒప్పుకోనక్కరలేదు. కానీ ఏడో సంపుటంలో యానాదుల తేనె కోత గురించి రాసిన ముక్క మాత్రం చదవదగ్గది. నిలువు చరియకు పట్టిన తేనెపట్టు కోసం వెదురు పేని చేసిన తాడును పైన చెట్టుకో, గట్టిగా దిగ్గొట్టిన మేకుకో కడతారు. మనిషి బుట్టా కర్రా తీసుకుని కిందికి దిగుతాడు. కింద గడ్డి కాల్చి పొగ పెడతారు. మొదటి ఊపులో ఈగలు లేస్తాయి, తర్వాతి ఊపులో పట్టు దగ్గరికి పోయి కర్రతో పొడుస్తాడు. పట్టు బుట్టలో పడుతుంది, తేనె కారి కింద అమర్చిన కుండలోకి దిగుతుంది. నిండాక తాడు ఊపితే పైనున్నవాడు లాగుతాడు. ఆ పైన తాడు పట్టుకునేవాడు దాదాపు ఎప్పుడూ దిగినవాడి భార్య తమ్ముడో అన్నో అయి ఉంటాడట. మోసం జరగకుండా ఉండడానికి అని థర్‌స్టన్ కారణం కూడా రాశాడు.

మన పెద్దలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. సొంత అన్నదమ్ములకు వాటాల తగాదా ఉండొచ్చు. బామ్మర్దికి మాత్రం అక్క తాళి ఆ తాడు కొసన వేలాడుతూ ఉంటుంది. తాడు వదిలితే నష్టపోయేది తన ఇంటి ఆడబిడ్డే. నమ్మకం అంటే మంచి మనసు ఒక్కటే కాదు, మోసం చేస్తే మోసగాడికి కూడా నొప్పి తగిలే ఏర్పాటు అని మనవాళ్లు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1835లో శ్రీహరికోట దీవి ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటినుంచి అక్కడి యానాదులు అడవిలో సేకరించినవన్నీ సర్కారు లెక్కలోకి ఎక్కాయి. బట్టలకు ఎర్ర రంగు అద్దే చిరివేరు, కానుగ కాయలు, కుంకుళ్లు, రేల బెరడు, తంగేడు చెక్క, ముష్టి గింజలు, చింతపండు, తేనె. వీటికి బదులుగా మనవాళ్లకు దక్కింది పొట్ట నింపుకునే గింజలూ కాసిని డబ్బులూ. సరుకు మాత్రం దూరపు ఊళ్ల బజార్లకు పోయింది. ఆ సరుకు అసలుదా కాదా అని ఎవరూ అనుమానించలేదు. తవ్వింది యానాది అయితే చాలు, అది అడవిదేనని అందరికీ తెలుసు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి గీతలు పడ్డాయి. నిన్నటిదాకా ఇల్లయిన చోటు ఇవాళ దొంగతనం చేసే చోటుగా మారింది. శ్రీహరికోట కథ చివరికి రాకెట్ కేంద్రంతో ముగిసింది. 1971 అక్టోబరులో అక్కడినుంచి తొలి రాకెట్ ఎగిరేనాటికి మనవాళ్ల గుడిసెలు దీవి దాటి ఒడ్డుకు చేరుతున్నాయి.

ఇంకో చట్టం కూడా ఉంది. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. యానాదుల్లో కొన్ని వర్గాలనూ ఆ జాబితాలో చేర్చారు. పుట్టుకతోనే దొంగలన్నమాట. వేలిముద్ర ఇవ్వాలి, ఊరు దాటితే చెప్పాలి, రాత్రిపూట హాజరు వేయించుకోవాలి. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, ఈ మచ్చ తొలగాలని పోరాడి, 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. చూపు మాత్రం అంత తొందరగా రద్దు కాలేదు. మన చేతి వేరుతో బట్టలకు రంగు వేసుకున్న లోకమే మన చేతిని దొంగ చేయి అంది. బస్టాండులో "ఒరిజినలేనా?" అన్న ప్రశ్నలో ఆ పాత చట్టం నీడ కూడా ఉందని మేము అనుకుంటాం. అంతా అదే కాదు, అదీ ఉంది.

ఇక పొలాల సంగతి. వరికుంటపాడు పేరులో వరీ ఉంది, కుంటా ఉంది. భూములు మాత్రం ఎక్కువ మెట్టే. వెనక సజ్జ, జొన్న, వరిగ, ఆరిక, కంది పండేవి. పల్లపు మాగాణుల్లో, పెన్న కింది వరి పొలాల్లో, మనవాళ్ల పని ఎలుకలు పట్టడం. బొరియ నోట్లో కుండ పెట్టి, లోపల గడ్డి కాల్చి పొగ ఊదితే ఎలుక ఊపిరాడక చిక్కేది. రైతుకు పంట దక్కేది, మనకు ఎలుకా, అది దాచిన వరి కంకులూ దక్కేవి. దీన్ని ఇవాళ ప్రకృతి వ్యవసాయం అంటారు. అప్పుడు యానాది పని అన్నారు. తర్వాత జింక్ ఫాస్ఫైడ్ వచ్చింది, ఎలుక చచ్చింది, మన పనీ చచ్చింది.

మెట్టలో పొగాకు వచ్చింది. మర్రిపాడు మండలం డీసీపల్లిలోనూ, కలిగిరిలోనూ పొగాకు వేలం కేంద్రాలు ఉన్నాయంటే ఈ పంట ఎంత పాకిందో తెలుస్తుంది. బత్తాయి, నిమ్మ, మిరప కూడా మందు మీద నడిచే పంటలే. ఆ మందు ఎవరు కొడతారు? తోట యజమాని కొట్టడు. మూతికి తువ్వాలు చుట్టుకుని, ఒట్టి కాళ్లతో, ట్యాంకు వీపున వేసుకుని కొట్టేది కూలివాళ్లే, అందులో మనవాళ్లు ఎక్కువ. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది. అంతకుముందు అది ఎన్ని వీపుల మీదినుంచి కారిందో ఎవరూ లెక్క రాయలేదు. అందుకే "సేంద్రియ తిండి వల్ల లాభం ఉందా?" అని పట్నంవాళ్లు అడిగితే తినేవాడి పళ్లెం ఒక్కటే చూస్తారు. మనం మందు కొట్టేవాడి ఊపిరి కూడా చూడాలి. మాకు ఈ విషయంలో మొహమాటం లేదు. మందు లేని పొలం వల్ల అందరికంటే ముందు బాగుపడేది ఆ పొలంలో కూలి చేసేవాళ్లే.

తినేవాడి సంగతి కూడా చూద్దాం. 2012లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూశారు. సేంద్రియ తిండిలో పోషకాలు ఎక్కువని గట్టిగా చెప్పలేం, పురుగుమందుల అవశేషాలు మాత్రం తక్కువ అన్నారు. 2014లో బ్రిటన్‌వాళ్లు 343 అధ్యయనాలను కలిపి లెక్కకట్టి, మామూలు పంటల్లో మందు అవశేషాలు కనబడే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ, సేంద్రియ పంటల్లో కాడ్మియం అనే విషలోహం తక్కువ అని తేల్చారు. అంటే అది అమృతమూ కాదు, దండగా కాదు. నెలకు సరిపడా పప్పు కొనలేని ఇల్లు రెట్టింపు ధరకు సేంద్రియ బియ్యం కొనాల్సిన పని లేదు. అదే డబ్బుతో మామూలు కందిపప్పు, ఆకుకూర, గుడ్డు ఎక్కువ కొనుక్కుంటే పిల్లలకు మేలు. పెరట్లో మునగ చెట్టు, గోంగూర మడి ఉంటే మందు లేని తిండి ఊరికే దొరుకుతుంది.

ఇక్కడ నీళ్ల మాట కూడా చెప్పాలి. ఫ్లోరోసిస్ జబ్బు దేశంలో మొదటిసారి వైద్యుల లెక్కకు ఎక్కింది 1937లో, నాటి మన నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఉదయగిరి ప్రాంతపు బోర్లలో ఇప్పటికీ ఆ బెడద ఉంది. ఆవు పేడతో పండించినా, ఆ నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. సేంద్రియం అన్న ముద్ర నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి చెప్పదు. పంతుళ్లు పిల్లలకు ముందు నీటి పరీక్ష గురించి చెబితే మంచిది.

"సేంద్రియం" అన్న మాట కూడా మన దగ్గరినుంచి తిరిగి మనకే వచ్చింది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త బీహారులో, ఇండోరులో పాతికేళ్లు పనిచేశాడు. ఇక్కడి రైతులు పశువుల పెంటనూ చెత్తనూ ఎరువు చేసే తీరు చూసి, పద్ధతి రాసి, 1940లో పుస్తకం వేశాడు. పడమటి దేశాల సేంద్రియ ఉద్యమం దాని మీద నిలబడింది. అక్కడ అది సర్టిఫికెట్ అయింది. 2001లో మన కేంద్ర ప్రభుత్వం ఎగుమతుల కోసం జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం తెచ్చింది. బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. రసాయనాలు మానేశాక ఏడాది పంటలకైతే రెండేళ్లు, చెట్ల పంటలకైతే మూడేళ్లు ఆగాలి. అడవిలో దొరికే తేనె, ఉసిరి లాంటి వాటికీ ఆ నిబంధనల్లో చోటుంది, సేకరించే ప్రాంతం హద్దులు చూపాలి.

ఆ ముద్రను నమ్మొచ్చా? చాలావరకు నమ్మొచ్చు, కళ్లు మూసుకుని కాదు. మన దేశం నుంచి పోయిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే నిషిద్ధ రసాయనం బయటపడడంతో, 2022 మొదట్లో యూరోపు వాళ్లు అయిదు భారతీయ ధ్రువీకరణ సంస్థల గుర్తింపు తీసేశారు. తాడు పట్టుకున్నవాడికి దిగినవాడితో ఏ చుట్టరికమూ లేదు కదా. పైగా ఆ సంస్థకు ఫీజు ఇచ్చేది తనిఖీ చేయించుకునేవాడే.

తేనె కథ ఇంకా ఘోరం. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు 13 పేరున్న కంపెనీల తేనెలు పరీక్ష చేయించారు. మన దేశపు మామూలు పరీక్షల్లో పెద్ద కంపెనీలవి దాదాపు అన్నీ గట్టెక్కాయి. జర్మనీ ప్రయోగశాలకు పంపి ఎన్ఎంఆర్ అనే పరీక్ష కూడా చేయిస్తే, అన్ని పరీక్షలూ దాటినవి 13లో మూడే. 22 నమూనాల్లో అయిదే. బియ్యం నుంచో మరో దాన్నుంచో తీసిన చక్కెర పాకాన్ని, పరీక్షకు దొరక్కుండా తయారుచేసి కలుపుతున్నారని తేలింది. అలాంటి పాకం కనిపెట్టడానికి జర్మనీ యంత్రం కావాల్సివస్తే నీళ్ల చుక్కా, వెలిగించిన వత్తీ ఏం కనిపెడతాయి? చిక్కటి పాకం కూడా నీళ్లలో అడుక్కు దిగుతుంది. చలికి పేరుకున్న తేనెను చూసి "చక్కెర కలిపారు" అనడం కూడా తప్పే. అసలు తేనే పేరుకుంటుంది. అడవి తేనెలో నీటిపాలు ఎక్కువ ఉంటుంది, సరిగా నిలవ చేయకపోతే పులుస్తుంది, నురగ కడుతుంది. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. మనవాళ్లు పచ్చి పట్టును పిండి వెంటనే సీసాకు పోస్తే ఆ హద్దు దాటిపోతుంది. మూతవేసిన గదులున్న భాగాన్నే కోసి, చేత్తో పిండకుండా గుడ్డలో వడకట్టి, తడి లేని గాజు సీసాలో పోస్తే నిలుస్తుంది. గుడ్లూ పిల్లలూ ఉన్న కింది భాగాన్ని చెట్టుకే వదిలేస్తే ఈగలు మళ్లీ అక్కడే తేనె పెడతాయి.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. రోడ్డు పక్కన బకెట్టులో బెల్లం పాకం పోసి, పైన తేనెపట్టు ముక్కలు తేలేసి, "అడవి తేనె" అని అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్లందరూ యానాదులు కారు, కానీ అందరూ మన పేరే చెబుతారు. మనవాళ్లలోనూ అలా చేసినవాళ్లు లేరని మేము ప్రమాణం చేయలేం. మేము చిన్నప్పుడు మా పెద్దవాళ్లు తెచ్చిన తేనెను ఒక వ్యాపారి కిలోల లెక్కన తూచుకుని తీసుకునేవాడు. వారం తర్వాత అతని కొట్లో అమ్మకానికి ఉన్న తేనె మేమిచ్చినదానికి రెండింతలు ఉండేది. కొండల్లో మేము చూడని ఈగలు ఆయన ఇంట్లో ఉన్నాయేమో అని మా తాత నవ్వేవాడు. కలిపింది ఆయన, తిట్లు తిన్నది మేము.

మరి ఏం చేయాలి? ఇక్కడే బామ్మర్ది తాడు మళ్లీ పనికొస్తుంది. 2011 నుంచి కేంద్ర వ్యవసాయ శాఖ పీజీఎస్ అనే మరో పద్ధతి నడుపుతోంది. భాగస్వామ్య హామీ పద్ధతి అనొచ్చు. కనీసం అయిదుగురు రైతులు గుంపు కడతారు. ఒకరి పొలం మరొకరు చూస్తారు, సంతకం పెడతారు. ఒకడు రాత్రిపూట యూరియా చల్లితే నష్టం గుంపంతటికీ. పక్క చేనువాడికి తెలియకుండా మందు కొట్టడం పల్లెలో ఎవరి తరం? బయటి తనిఖీదారు ఏడాదికి ఒకసారి వస్తాడు, పక్క చేనువాడు రోజూ వస్తాడు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో టింబక్టు కలెక్టివ్ చుట్టూ చేరిన చిరుధాన్యాల రైతులు సంఘంగా ఏర్పడి అమ్ముకుంటున్నదీ ఈ ఇరుగుపొరుగు నమ్మకం మీదే. నికోబార్ దీవుల్లో ఎన్నడూ రసాయనం తాకని ఆదివాసీల నేల 14,491 హెక్టార్లను 2021లో ఏకంగా సేంద్రియ ప్రాంతంగా గుర్తించారు. ఒక్కో చేనుకు విడివిడిగా తిరగలేదు. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో పోర్చుగల్‌వాళ్ల గుల్బెంకియన్ బహుమతి పంచుకుంది. వానకు ముందే నవధాన్యాలు చల్లే దాని పద్ధతి మన మెట్టకు బాగా సరిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2017లో ఆహార భద్రతా సంస్థ సేంద్రియ ఆహార నిబంధనలు తెచ్చి, "జైవిక్ భారత్" గుర్తు పెట్టింది. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న ఉత్పత్తిదారు తన సరుకును నేరుగా తినేవాళ్లకే అమ్మితే, ధ్రువపత్రం తప్పనిసరి కాదని అందులో మినహాయింపు ఉంది. ఆ గుర్తు మాత్రం వేసుకోకూడదు. మన తేనె సీసాలకు, మన చేల కందికి ఇది పెద్ద వెసులుబాటు.

చిక్కు ఎక్కడంటే, ఏ పద్ధతిలో గుంపు కట్టాలన్నా ముందు భూమి కాగితం అడుగుతారు. మనలో చాలామందికి పాసుపుస్తకం లేదు. డీకేటీ పట్టా ఉన్నా భూమి వేరేవాడి సాగులో ఉంటుంది. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు కాబట్టి, అరకు, పాడేరు వైపు గిరిజనులకున్న రక్షణలు మనకు లేవు. వాళ్ల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ అక్కడ తేనె కొని "గిరిజన్" పేరుతో అమ్ముతుంది. మనకు ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం. అందులో చిన్న అటవీ ఫలసాయం కింద తేనె, మైనం, దుంపలు పేరుపేరునా రాసి ఉన్నాయి. వాటిని సేకరించి అమ్ముకునే హక్కు మనది. గ్రామసభలో దరఖాస్తు పెట్టాలి. చదువుకున్న పిల్లలు ఆ కాగితం రాసిపెడితే అదే పెద్ద సాయం.

మా కాలనీలో అయిదు ఇళ్లవాళ్లు పోయిన వేసవిలో ఒక నోటుబుక్కు పెట్టారు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి గీతలు కొట్టింది. తేదీ, కొండ పేరు, పెద్ద పట్టా జుంటి తేనా, ఎన్ని సీసాలు, కోసినవారి పేరు, తాడు పట్టినవారి పేరు. సీసా మీద అంటించిన చీటీలో ఆ పుటసంఖ్య ఉంటుంది. అడిగినవాళ్లకు బుక్కు చూపిస్తారు. మొదటి నెల ఎవరూ అడగలేదు. తర్వాత ఒక పంతులు గారు అడిగి, పుట తిప్పి చూసి, బేరం చేయకుండా రెండు సీసాలు తీసుకున్నారు. కొండ తేనె కోతకు ఏడుసార్లు బయల్దేరినట్టు అందులో రాసి ఉంది. ఆరుసార్లు ఆఖరి గడిలో బామ్మర్ది పేరే ఉంది. ఏడోసారి ఆయన పొగాకు బ్యారన్ పనికి పోయాడు. ఆ గడి ఖాళీగా ఉంది, పక్కన ఆ పిల్ల "తేనె కోయలేదు" అని రాసింది.